కొండ కుడివైపు

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, గొర్రెల ఉన్ని కత్తిరించే రేకుల షెడ్డు ముందు నిలబడి, ఆశాజ్యోతి నిన్న తను చేసిన పనిని చూసుకుని మురిసిపోతోంది. చేతిలో టీ ఎప్పుడో చల్లారింది. గడ్డి మీద తెల్లగా పేరుకున్న మంచు ఇంకా కరగలేదు. షెడ్డు దగ్గర మొదలై కొండ వైపు పోయే దారి పొడుగునా గులాబీ రంగు రిబ్బన్లు. మొదటి కర్రకి పసుపు రంగు బాణం. బాణం వంకర పోలేదు, ముడి జారలేదు. అలాంటి బాణాలు కొండ చుట్టూ అరవై రెండున్నాయి. అరవై రెండూ తనే పాతింది.

ఆశాజ్యోతి హామిల్టన్‌లో మట్టి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. రైతులు సంచుల్లో పంపే మట్టిని ఎండబెట్టి, జల్లించి, అందులో ఏముందో, ఏది తగ్గిందో రాసి పంపడం ఆమె ఉద్యోగం. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అలా మొదట చదివినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఎవరైనా నమ్మి పని అప్పగిస్తే, చెప్పినదానికంటే ఓ పిసరు ఎక్కువే చేస్తారు. క్లబ్బువాళ్లు యాభై రెండు బాణాలిస్తే, చాలవేమోనని ఈమె ఇంటి దగ్గర ఇంకో పది చేసుకుని పట్టుకొచ్చింది.

అది పరుగుల క్లబ్బు. చలికాలమంతా ప్రతి శనివారం ఎవరో ఒక రైతు పొలంలో బురద తొక్కుతూ పరిగెత్తి, తర్వాత అందరూ కలిసి టీ తాగి, ఎవరికి వాళ్లు ఇంటి నుంచి తెచ్చిన కేకులు పంచుకుని తిని వెళ్లిపోతారు. ఇక్కడ నడిచలికాలమైన జులైలో వచ్చే ఈ కొండ చుట్టు మాత్రం వాళ్లకి పెద్ద పండుగ. అరవై ఏళ్ల నుంచి జరుగుతోంది. ఏడు కిలోమీటర్లు. కొండకి ఒక పక్క, ఈ పొలం యజమాని ముత్తాత ఇంగ్లండు నుంచి విత్తనాలు తెచ్చి వేసిన ఓక్ తోపు. మెల్లగా సాగే వాలు. రెండో పక్క, మనుషులు ఈ దేశంలో అడుగు పెట్టకముందు నుంచీ ఉన్న అడవి. దాన్ని ఇక్కడివాళ్లు బుష్ అంటారు. అటువైపు నిటారుగా నాలుగు వందల పైచిలుకు మెట్లు. మట్టిలో అడ్డంగా దుంగలు దిగ్గొట్టి చేసిన మెట్లు, వాటి మధ్యలో చెట్ల వేళ్లు. రైతు ఏడాదికి రెండు రోజులే గేటు తీస్తాడు. గుర్తులు పెట్టుకోవడానికి ఒకరోజు, పరుగుకి ఒకరోజు. కాబట్టి ఏప్రిల్‌లో క్లబ్బులో చేరిన ఆశాజ్యోతి నిన్నటిదాకా ఈ కొండని దగ్గర నుంచి చూసింది లేదు.

"ఏం బేటీ, పందెం పెట్టావా, పెళ్లి పందిరి వేశావా?"

వెనక్కి తిరిగితే ముకేశ్ అంకుల్. పాత బూట్లు, వాటికి కొత్త తాళ్లు. పక్కన పెద్ద డబ్బా మోసుకుంటూ ఆయన భార్య శివ్‌వతి ఆంటీ.

ముకేశ్ అంకుల్‌కి అరవై తొమ్మిదేళ్లు. ఫిజీలో పుట్టాడు. చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మునిమనవడు. ఇంట్లో ఆయన ఆజీ, అంటే నాయనమ్మ, మాట్లాడిన తెలుగే ఆయన తెలుగు. అందులో ఇప్పుడు మన దగ్గర ఎవరూ వాడని మాటలు కొన్ని, ఫిజీ హిందీ కొంత, మిగతాదంతా ఇంగ్లీషు. హామిల్టన్‌లో సిటీ బస్సు నడిపేవాడు. రెండేళ్ల కింద ఒకరోజు ఆశాజ్యోతి ముందు సీట్లో కూర్చుని ఫోన్లో వాళ్లమ్మని కసురుకుంటుంటే, ఎర్ర లైటు దగ్గర బస్సు ఆపి, వెనక్కి తిరక్కుండానే, "అమ్మని అట్లా అనరాదు బిడ్డా" అన్నాడు. ఆమె ఉలిక్కిపడి ఫోన్ కింద పడేసుకుంది. అప్పటి నుంచి ఆదివారం రొట్టెలు వాళ్లింట్లోనే. క్లబ్బులోకి తీసుకొచ్చిందీ ఆయనే. బాణాలు ఎవరు పెడతారని కెప్టెన్ అడిగితే, "ఈ పిల్లకివ్వు, నాదీ పూచీ" అన్నదీ ఆయనే.

ఇవాళ ఆయనది ఇరవై ఐదో చుట్టు. క్లబ్బు గదిలో ఒక పాత చెక్క పలక ఉంది. వరసగా ఇరవై ఐదేళ్లు, ఒక్క ఏడు కూడా మానకుండా, ప్రతిసారీ రెండు గంటల్లోపు ఈ చుట్టు పూర్తి చేసినవాళ్ల పేరు దాని మీద చెక్కుతారు. అరవై ఏళ్లలో మూడే పేర్లు. ఒక్క ఏడు తప్పినా, ఒక్క నిమిషం దాటినా, లెక్క మళ్లీ ఒకటి నుంచి. పోయినేడు ఆయన గంటా నలభై ఒక్క నిమిషాల్లో వచ్చాడు. ఇవాళ నాలుగో పేరు ఖాయమనే ధీమాతో ఆంటీ తెల్లవారకముందే లేచి కొబ్బరిపాలు పోసిన బన్నులు చేసుకొచ్చింది. డబ్బాలో ఉన్నవి అవే.

అంకుల్ మొదటి బాణం దగ్గరికి నడిచి, రిబ్బన్ ముడి లాగి చూశాడు. గట్టిగానే ఉంది. తర్వాత బాణం కొస వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"బేటీ, ఈ బాణం ఎటు పొమ్మంటుంది?"

"ఎడమ చేతి దారిలోకి అంకుల్. ఓక్ తోపులోంచి పైకెక్కడం, బుష్ మెట్ల మీంచి దిగడం."

ఆయన వంగి ఎడమ మోకాలు ఓసారి తడుముకున్నాడు.

"మేము ఎప్పుడూ కుడి చేతి దారిన పోతాం," అన్నాడు నెమ్మదిగా. "మెట్లు ఎక్కుతాం. ఓక్‌ల కింద దిగుతాం. సిక్స్‌టీ ఏండ్ల నుంచి అంతే."

ఆశాజ్యోతి చేతిలో చల్లారిన టీని గడ్డి మీద పారబోసింది.

మొన్న గురువారం వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఆషాఢ పౌర్ణమి. సింహాచలం గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడుస్తున్న జనం, ఆ జనంలో అమ్మ, అమ్మ చేతిలో ఊగిపోతున్న ఫోను. "చూడవే, కొండ కనబడుతోందా? ఇదిగో, కుడి పక్క!" అని అమ్మ అరుస్తోంది. మర్నాడు ల్యాబ్‌లో సగం రోజు సెలవు పెట్టి ఆశాజ్యోతి ఇక్కడికొచ్చింది. చేతిలో క్లబ్బువాళ్లిచ్చిన జిరాక్స్ మ్యాపు. అందులో కొండ ఉంది, షెడ్డు ఉంది, కొండ చుట్టూ చుక్కల గీత ఉంది. ఎటు నుంచి ఎటు అనే గుర్తు మాత్రం ఎక్కడా లేదు. ఆ లోటు ఆమెకి కనబడనే లేదు. కొండ చుట్టూ తిరగడమంటే కొండ కుడివైపు ఉండాలి. చిన్నప్పుడు నాయనమ్మ చెయ్యి పట్టుకుని తిరిగిన నాటి నుంచీ అంతే. అన్నం ఏ చేత్తో తినాలని ఎవరైనా అడుగుతారా?

"నేను మిషెల్‌కి చెప్పేస్తాను," అంది.

"చెప్పు. తొందరగా చెప్పు," అన్నాడు అంకుల్.

మిషెల్ క్లబ్బు కెప్టెన్. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు రెండు వందల ఆవుల పాలు పితికించిన రైతు. ఎముకలు కొరికే చలిలో కూడా నిక్కరే వేసుకుంటుంది. మెడలో స్టాప్‌వాచీ. ఆవిడ షెడ్డు లోపల పేర్లు రాసుకుంటుంటే ఆశాజ్యోతి ఎదురుగా వెళ్లి నిలబడింది. ఆవిడతో మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"మిషెల్, నేనొక తప్పు చేశాను."

"ఎంత పెద్దది?"

"ఏడు కిలోమీటర్లు."

మిషెల్ పెన్ను పక్కన పెట్టి బయటికొచ్చింది. బాణం వైపు చూసింది. కొండ వైపు చూసింది. మళ్లీ బాణం వైపు చూసింది.

"అన్నీ ఇలాగేనా?"

"అన్నీ. అరవై రెండూ."

"అరవై రెండా? నేనిచ్చింది యాభై రెండే."

"పది నేనే చేసుకొచ్చాను."

మిషెల్ నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఇటు వెళ్లాలని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఊళ్లో కొండ చుట్టూ తిరిగేటప్పుడు కొండ కుడివైపే ఉంటుంది. ఇంకోలా ఎవరూ తిరగరు."

"మ్యాపులో బాణం పెట్టాలని నాకూ తోచలేదు," అంది మిషెల్. "ఇక్కడ కూడా ఇంకోలా ఎవరూ తిరగరు."

ఇద్దరూ కాసేపు కొండని చూశారు. అదేమీ ఎరగనట్టు మంచులో నిలబడి ఉంది.

బాణాలన్నీ తిప్పిపెట్టాలంటే ఎంత పరిగెత్తినా గంటన్నర. రైతు పన్నెండింటికల్లా గేటు మూసి ఈననున్న గొర్రెల్ని ఇటు తోలతాడు, కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టడం కుదరదు. బాణాల్ని పట్టించుకోకుండా పాత దారినే పోదామంటే, బుష్‌లో ఐదు చోట్ల దారి చీలుతుంది. అటు నుంచి వచ్చేవాళ్లకి బాణాల వెనక భాగమే కనిపిస్తుంది. కొత్తవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఓ ఏడాది ఒకాయన దారి తప్పితే చీకటి పడేదాకా వెతకాల్సొచ్చింది.

"సరే," అంది మిషెల్. "ఇవాళ తిరగేసి పరిగెడదాం."

ఆవిడ ఒక పెట్టె మీదకెక్కి ఆ మాట ప్రకటించగానే, షెడ్డు ముందున్న నలభై మూడు మందీ ఒక్క క్షణం నోళ్లు తెరిచారు. తర్వాత ఎవరో ఈల వేశారు. ఓ కుర్ర రన్నర్, "అయితే ఇటువైపు రికార్డు ఇంకా ఖాళీ! ఇవాళ ఎవరు ముందొస్తే వాళ్లదే!" అని ఎగిరాడు. దాంతో అందరికీ హుషారొచ్చేసింది. దీనికి కారణమెవరని అడిగినవాళ్లకి ఆశాజ్యోతి తనే చెయ్యెత్తి చూపించింది. వాళ్లు వచ్చి ఆమె భుజం తట్టి పోతుంటే ఆమెకి ఏడుపొచ్చింది. తిడితే బాగుండేది.

ఎందుకంటే బెంచీ మీద ముకేశ్ అంకుల్ అప్పటికే ముడి వేసిన తాళ్లు విప్పి మళ్లీ వేసుకుంటున్నాడు. శివ్‌వతి ఆంటీ ఆయన నెత్తిన నిలబడి ఫిజీ హిందీలో నిలదీస్తోంది.

"డాక్టరేమన్నాడు? మెట్లు దిగొద్దన్నాడా లేదా?"

"ఎక్కొద్దనలేదు."

"ఇవాళ దిగాలి కదా, పిచ్చి మనిషీ! నాలుగు వందల మెట్లు! బాత్రూంలోంచి వరండాలోకి ఒక్క మెట్టు దిగడానికే నన్ను పిలుస్తావు!"

"అది నీ మీద ప్రేమతో పిలుస్తాను."

"అంకుల్," అంది ఆశాజ్యోతి. "నావల్లే ఇదంతా. మీరు... ఈసారికి వద్దేమో."

ఆయన తలెత్తాడు. "ఇవాళ మానితే మళ్లీ ఒకటి నుంచి లెక్క. ట్వంటీఫైవ్ అయ్యేసరికి నాకు నైంటీఫోర్. అప్పుడు నువ్వు నన్ను చక్రాల కుర్చీలో తోయాలి. తోస్తావా?"

"తోస్తాను."

"నాకు తెలుసు, తోస్తావు. అందుకే ఇవాళే పోతా."

ఆశాజ్యోతి మళ్లీ మిషెల్ దగ్గరికి పరిగెత్తింది. పందెంలో అందరికంటే వెనక నడిచే మనిషొకరు ఉండాలి, ఎవరూ అడవిలో మిగిలిపోకుండా. ఆ పని తనకిమ్మంది.

మిషెల్ ఆమె ముఖంలోకి చూసి విషయం గ్రహించింది. "తీసుకో. కానీ ఒక్క మాట. నువ్వు అతన్ని ముట్టుకుంటే ఈ ఏడు లెక్కలోకి రాదు. చెయ్యి ఇవ్వకూడదు, కర్ర ఇవ్వకూడదు. మాట సాయం ఎంతైనా చేసుకో. మాటకి అడ్డు లేదు."

తొమ్మిదిన్నరకి విజిల్ మోగింది.

ఓక్ తోపులో ఆకులన్నీ రాలి నేల మీద చీలమండల దాకా ఉన్నాయి. కొమ్మలు ఉత్త చేతుల్లా ఆకాశంలోకి చాచుకుని ఉన్నాయి. అంకుల్ ఆయన పద్ధతిలో ఆయన వెళ్తున్నాడు. వంద అడుగులు పరుగు, యాభై అడుగులు నడక. పది నిమిషాల్లో ముందున్నవాళ్ల అడుగుల చప్పుడు కూడా వినబడకుండా పోయింది. మిగిలింది ఆకుల గలగల, ఆయన ఊపిరి.

"తమాషాగా ఉంది బేటీ. ఇన్నేండ్లూ ఈ చెట్ల వీపులే చూశాను. ఇవాళ మొహాలు చూస్తున్నా."

"ఎలా ఉన్నాయి మొహాలు?"

"ఇంగ్లీషు మొహాలు. చలి అంటే చలి అని చెప్పవు."

ఆయన కులాసా చూసి ఆశాజ్యోతి కాస్త తేరుకుంది. ఎక్కడం ఆయనకి కష్టం కాదు. కొండ భుజం మీదికి చేరేసరికి యాభై ఎనిమిది నిమిషాలైంది. పైన గాలి చెంప మీద కొట్టినట్టుంది. దూరంగా వైకాటో నది వెండి తీగలా ఉంది. ఇంకా గంటా రెండు నిమిషాల టైముంది. మామూలు మనిషికి బోలెడు.

బుష్ మొదలయ్యే చోట ఒక గేటు, గేటు దగ్గర బ్రష్షులు, మందు నీళ్ల డబ్బా. బూట్లకంటుకున్న బురదతో పాకే తెగులొకటి కౌరి చెట్లని చంపేస్తోందని, లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అడుగులు తోముకోవాలని ఇక్కడ నియమం. ఇద్దరూ తోముకున్నారు. లోపల అడుగు పెట్టగానే వెలుగు ఆకుపచ్చగా మారిపోయింది. ఇక్కడ ఏ చెట్టూ ఆకు రాల్చలేదు. పెద్ద పెద్ద మానుల మీద నాచు, మానుల మధ్య గొడుగుల్లాంటి ఫెర్న్ చెట్లు, ఎక్కడో ఒక పక్షి గంట కొట్టినట్టు కూస్తోంది. వాటి కింద మెట్లు.

అంకుల్ మొదటి మెట్టు దిగాడు. రెండోది దిగాడు. మూడోదానికి పళ్లు బిగించాడు. పదో మెట్టుకి పక్కకి తిరిగి, పీతలా దిగడం మొదలుపెట్టాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర ఒక చెట్టుని పట్టుకుని ఆగిపోయాడు. నుదుటి మీద చెమట, ఆ చలిలో.

ఆశాజ్యోతి వాచీ చూసుకుంది. ఇరవై మెట్లకి ఆరు నిమిషాలు. నాలుగు వందల మెట్లకి ఎంతవుతుందో వేరే లెక్క కట్టక్కర్లేదు.

"దారే పోల్చుకోలేకున్నా," అన్నాడు ఆయన, మోకాలి మాట ఎత్తకుండా. "ఇది నా అడవేనా అనిపిస్తుంది. పైనుంచి చూస్తే అన్నీ కొత్త చెట్లు."

ఆమె ఏదో అనబోయి ఆగింది. కళ్ల ముందు వేరే మెట్లు మెదిలాయి. సింహాచలం మెట్లు. నాయనమ్మకి మోకాళ్లు పోయాక కూడా కొండెక్కడం మానలేదు. దిగేటప్పుడు మాత్రం అందరిలా దిగేది కాదు. గుడి వైపు తిరిగి, వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ దిగేది. ఎవరైనా నవ్వితే, "అప్పన్నకి వీపు చూపించమంటావేటి?" అని గయ్‌మనేది. ఊరంతా అది భక్తే అనుకుంది. ఓ రోజు ఆశాజ్యోతి చెవిలో మాత్రం నిజం చెప్పింది. "భక్తీ ఉంది, కాదన్ను. గానీ ఇలా దిగితే మోకాలు నొప్పెట్టదే పిల్లా. నువ్వెవరికీ చెప్పకు."

ఇన్నేళ్లకి ఇవాళ చెప్పేసింది.

"అంకుల్, వెనక్కి తిరగండి."

"ఏం, ఇంటికి పోదామా?"

"కాదు. పై మెట్ల వైపు తిరిగి, వెనక్కి దిగండి. మా నాయనమ్మ అలాగే దిగేది. నేను మీ కింద ఉండి ఎక్కడ కాలు పెట్టాలో చెప్తాను. మాటకి అడ్డు లేదు కదా."

ఆయన ఆమె వైపు అనుమానంగా చూశాడు. తిరిగాడు. ఎడమ కాలు వెనక్కి చాపి, బూటు కొనతో గాలిలో వెతికాడు.

"ఇంకా కింద. ఇంకొంచెం. ఆఁ, అదే దుంగ. ఆనించండి."

ఆనించాడు. బరువు మోపాడు. నొప్పి కోసం ఎదురుచూస్తున్నట్టు ఒక క్షణం ఆగాడు.

"అరే," అన్నాడు.

"నొప్పుందా?"

"ఉంది. కానీ పెద్దది కాదు. మీ నాయనమ్మ పేరేంటి?"

"ప్రభావతి."

"ప్రభావతమ్మకి దండం. ఇంకోటి చెప్పు."

అలా మొదలైంది. "కుడి కాలు. వేరుంది, కొంచెం లోపలికి. ఇప్పుడు ఎడమ. ఈ మెట్టు ఎత్తు, జాగ్రత్త. కుడి." ఆయన ఆజీ నేర్పిన అంకెలతో లెక్క పెట్టుకుంటున్నాడు. ఇరవై దాటితే ఆయనకి తెలుగులో రాదు, అందుకని ఇరవై కాగానే మళ్లీ ఒకటి. యాభయ్యో మెట్టుకి ఇద్దరికీ ఒక లయ కుదిరింది. వందో మెట్టుకి, ఆమె చెప్పకముందే ఆయన కాలు పోయి సరిగ్గా దుంగ మీద వాలుతోంది.

ఉన్నట్టుండి ఆయన ఆగాడు.

"ఏమైంది అంకుల్?"

"ఇదిగో, నా చెట్టు!"

ఎదురుగా ఒక ముసలి రిము చెట్టు. మాను మధ్యలో ఒకచోట పెద్ద బుడిపె, బూరె అంత గుండ్రంగా.

"నాలుగో ఊపిరి చెట్టు. ఎక్కేటప్పుడు ఇక్కడ నాలుగోసారి ఆగుతా. ఏటా ఇక్కడే. దీనికి నమస్తే చెప్పి పోతా." ఆయన ముఖమంతా వెలిగిపోయింది. "బేటీ, చూడు! నేను పైకి చూస్తున్నా కదా, ఎక్కేటప్పుడు కనబడేదే కనబడుతుంది! అదే అడవి. నా అడవే. కొండ చూడు ఎక్కడుందో!"

ఆశాజ్యోతి చూసింది. దిగే వైపు తిరిగితే తనకి కుడి చేతి వైపు కొండ. ఆయన తిరిగి ఉన్నాడు కాబట్టి ఆయనకి ఎడమ చేతి వైపు. ఒకే దారిలో, ఒకే దిక్కుకి పోతూ, ఎవరి కొండ వాళ్లకి ఉండాల్సినచోటే ఉంది.

తర్వాత మూడో ఊపిరి చెట్టు వచ్చింది, తర్వాత రెండోది. ప్రతిదాని దగ్గరా ఆయన ఆగకుండానే చెయ్యి ఊపి పలకరించాడు. మొదటి ఊపిరి చెట్టు దాటాక ఇంకో ముప్పై మెట్లే అని ఆయనే చెప్పాడు. కిందికొచ్చేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. వాచీలో గంటా నలభై ఏడు నిమిషాలు.

ఇంక మిగిలింది పన్నెండు వందల మీటర్ల గడ్డి మైదానం. గేటు దగ్గర మళ్లీ బ్రష్షులు. అంకుల్ తీరిగ్గా బ్రష్షు అందుకుని ఎడమ బూటు తోమడం మొదలుపెట్టాడు.

"అంకుల్, టైమ్! నేను తోమనా?"

"నువ్వు ముట్టుకుంటే నా పేరు పోతుంది."

"అయితే ఊరికే అలా ఒక్కసారి రాసేసి రండి!"

"ఆ చెట్లు నా కంటే పెద్దవి బేటీ," అంటూ మడమ దగ్గర ఇరుక్కున్న బురద కూడా పుల్లతో గీకి, మందు నీళ్లు చల్లి, కుడి బూటు ఎత్తాడు. ఆశాజ్యోతి గేటు పట్టుకుని నిలబడలేక నిలబడింది. ఒకటిన్నర నిమిషం పోయింది.

తర్వాత ఆయన పరిగెత్తాడు. ఈసారి వందకి యాభై లెక్క లేదు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, చేతులు రెండూ బస్సు స్టీరింగు పట్టుకున్నట్టు ముందుకు పెట్టుకుని, సమంగా, ఆగకుండా. కంచె అవతలి గొర్రెలు తలెత్తి చూశాయి. షెడ్డు దగ్గర ఎవరో కనిపెట్టి కేకేశారు. అంతే, టీ తాగుతున్నవాళ్లంతా కప్పులతో సహా కంచె దగ్గరికొచ్చేశారు. "కమాన్ ముకేశ్!" అని అరుపులు. మిషెల్ స్టాప్‌వాచీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని, "మూడు నిమిషాలు!" అంది. ఆశాజ్యోతి ఆయనకి పదడుగుల వెనక ఉంది. వెనకే ఉండాలి. మనసులో మాత్రం ఇరవై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి వస్తోంది.

"రెండు!" అంది మిషెల్.

చివరి గేటు దగ్గర కాస్త ఎత్తు. ఎక్కడం. ఆయనకి నచ్చేది. పక్కనే కంచెకి ఆనుకుని శివ్‌వతి ఆంటీ బన్ను చేత్తో పట్టుకుని, "రా మనిషీ, రా!" అని ఫిజీ హిందీలో, ఇంగ్లీషులో, తనకి రాని తెలుగులో కూడా అరుస్తోంది.

గంటా యాభై ఎనిమిది నిమిషాల నలభై సెకన్లకి ముకేశ్ అంకుల్ గీత దాటాడు. దాటి, మూడడుగులు వేసి, గడ్డి మీద చతికిలపడ్డాడు. ఆంటీ ఆయన నెత్తి మీద ఒక్కటిచ్చి, బన్ను నోట్లో పెట్టింది.

ఆశాజ్యోతి గీత దాటడం ఎవరూ చూడలేదు. మిషెల్ చూసింది. "అందరూ వచ్చేశారా?"

"అందరూ. అడవిలో ఎవరూ లేరు," అంది ఆశాజ్యోతి. ఆ తర్వాత ఏడ్చింది. కాసేపే.

షెడ్డులో టీ దగ్గర అంకుల్ మోకాలి మీద గడ్డకట్టిన బఠానీల పొట్లం పెట్టుకుని కుర్చీలో రాజులా కూర్చున్నాడు. పొట్లం రైతు ఇంటి ఫ్రీజర్లోది. పలక మీద స్పెల్లింగు ఎలా ఉండాలో అడిగి మిషెల్ రాసుకుంది. తర్వాత ఆవిడ ఆ జిరాక్స్ మ్యాపు తెచ్చి ఆశాజ్యోతి ముందు పెట్టి, పెన్సిల్ చేతికిచ్చింది.

"దీని మీద బాణం గియ్యి. వచ్చే ఏడు పాతేది నువ్వే."

"మళ్లీ నేనా?"

"తొమ్మిది మంది కొత్తవాళ్లు. ఒక్కరూ దారి తప్పలేదు. అది కూడా అరవై ఏళ్లలో ఇదే మొదటిసారి."

బాణం ఎటు అనేసరికి షెడ్డులో గొడవ మొదలైంది. ఇవాళ రికార్డు కొట్టిన కుర్రాడు ఇటే ఉండాలన్నాడు. పెద్దవాళ్లు అటే అన్నారు. ఒకావిడ నాణెం ఎగరేద్దామంది. ముకేశ్ అంకుల్ చెయ్యెత్తాడు. నాలుగో పేరుకి అప్పుడే విలువొచ్చినట్టుంది, అందరూ ఊరుకున్నారు.

"ఒక ఏడు ఈ పిల్ల దేవుడికి. ఒక ఏడు నా మోకాలికి," అన్నాడు ఇంగ్లీషులో. "వచ్చే ఏడు మోకాలి వంతు."

"వచ్చే ఏడు కూడానా!" అంది శివ్‌వతి ఆంటీ. "పేరు చెక్కుతున్నారు కదా, ఇంకా దేనికి?"

"మెట్లెక్కి చాలా రోజులైంది. సంవత్సరం అయింది."

ఆంటీ బఠానీల పొట్లాన్ని మోకాలికి కాస్త గట్టిగానే నొక్కింది.

ఆశాజ్యోతి పెన్సిల్ మొన మ్యాపు మీద ఆనించింది. చుక్కల గీత పక్కన, షెడ్డుకి కొంచెం పైన. గీయబోయి ఆగింది. తలెత్తి, బొంగురుపోయిన గొంతుతోనే, అందరికీ వినబడేలా అడిగింది.

"కొండ ఎడమ చేతికే కదా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒక్కసారే అవునన్నారు.